వెనక సీటుకి బెల్టు

"వాడు బతికే ఉంటాడా వెరా?" అని ఫోన్లో అడిగింది ఆర్విడ్ అక్క సోల్వేగ్.

"తెలీదు" అన్నాను. అబద్ధం చెప్పడం చేతకాక కాదు. ఆ పూట మనసు రాలేదు.

నా పేరు వెరా బోయ్‌చుక్. ఇరవై రెండేళ్లు కెనడాలో, సస్కాచెవాన్ మైదానాల్లో పోలీసు ఉద్యోగం చేశాను. ఇప్పుడు సొంతంగా విచారణలు చేసుకుంటున్నాను. ఎక్కువగా వడగళ్లకి పోయిన పంటల మీద రైతులకీ బీమావాళ్లకీ మధ్య తగాదాలే నా కేసులు. మనిషి మాయమైన కేసు రావడం తొమ్మిదేళ్లలో ఇదే మొదలు. టార్లో లాంటి చిన్న ఊళ్లో ఎవరి కుక్క కనిపించకపోయినా సాయంత్రానికి అందరికీ తెలిసిపోతుంది. ఆర్విడ్ నైగార్డ్ లేడన్న సంగతి మాత్రం అతని విమానం దొరికేదాకా ఎవరికీ తెలీలేదు. అరవై నాలుగేళ్ల బ్రహ్మచారి. రాత్రి ఇంటికి రాలేదని కంగారు పడే ప్రాణి లేదు.

అప్పటికి నాకు తెలిసింది ఇంత. బుధవారం మధ్యాహ్నం ఒకటింపావుకి ఆర్విడ్ తన పసుపు పచ్చ హార్వర్డ్‌లో ఒక్కడే ఎగిరాడు. యుద్ధకాలంలో కుర్ర పైలట్లకి పాఠాలు చెప్పిన పాత శిక్షణ విమానం అది. ఒకటీ నలభైకి, ఇక్కడికి నలభై మైళ్ల ఉత్తరాన, హెరాన్ సరస్సు పక్కన ఒక రైతు భార్య దాని హోరు వింది. గురువారం పొద్దున ఆమె భర్తకి కోత అయిపోయిన గోధుమ చేలో విమానం కనిపించింది. చిన్న గీత కూడా పడలేదు. లోపల మనిషి లేడు. సరస్సు ఒడ్డున ఆర్విడ్ టోపీ దొరికింది.

సార్జెంట్ లైల్ ప్రుడోమ్‌కి ఆ టోపీ చాలు. ఒంటరి ముసలాడు, విసుగు పుట్టి నీళ్లలో దూకాడన్నాడు. ఉన్న మనుషులందర్నీ సరస్సు మీదికి తోలాడు. రాత్రికి మంచు తుఫాను వస్తుందని రేడియో పొద్దున్నుంచీ మొత్తుకుంటోంది. ఆర్విడ్ ఎక్కడ పడి ఉన్నా చీకటి పడేలోపు దొరకాలి. ఆ తర్వాత వెతికేది శవాన్నే.

గురువారం ఒకటీ ఇరవైకి పాత వాయుసేన మైదానానికి వెళ్లాను. యుద్ధం నాటి షెడ్లలో మిగిలింది ఒక్కటే. దాన్ని ఇద్దరు పంచుకున్నారు. ఒక చివర ఆర్విడ్ విమానం, పక్కన అతను పడుకునే గది. రెండో చివర అలిస్టర్ స్ట్రాకన్ వర్క్‌షాపు. ఊరంతా కెప్టెన్ అని పిలిచే ఈ స్ట్రాకన్ ఒకప్పుడు వాయుసేనలో బోధకుడు. ఆరడుగుల రెండంగుళాల మనిషి, అరవై ఆరేళ్లకీ వీపు వంగలేదు. ఆర్విడ్ ఎగరడం చూసింది ఇతనొక్కడే.

"కూర్చోండి వెరా" అని బల్ల చూపించాడు. దాని మీద రెండు నీలం దిళ్లు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. వాటి మీదే కూర్చున్నాను.

"ఎన్నింటికి ఎగిరాడు కెప్టెన్ గారూ?"

"ఒకటీ పదిహేను."

"గడియారం చూశారా?"

"పద్నాలుగేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి. చక్రం నేల వదిలితే నా కన్ను దానంతటదే గడియారం మీదికి పోతుంది."

"ఒక్కడేనా?"

"ఇంకెవరున్నారు వాడికి? ఎప్పట్లాగే వెనక సీటుకి బెల్టు కట్టుకుని వెళ్లాడు."

"ఖాళీ సీటుకి బెల్టెందుకు?"

నా అజ్ఞానానికి జాలిపడ్డాడు. "వెనక కూడా నడిపే కర్ర ఉంటుంది. వదులుగా ఉన్న బెల్టు గాల్లో ఎగిరి ఆ కర్రకి చుట్టుకుందనుకోండి, ముందువాడు ఎంత లాగినా విమానం మాట వినదు. అందుకని ఒంటరిగా ఎగిరేవాడు ముందు వెనక సీటు బెల్టులు గట్టిగా బిగించి, కొసలు లోపలికి దోపి, ఆ తర్వాతే తను ఎక్కాలి. మా దగ్గర మొదటి రోజు పాఠం అదే. ఆర్విడ్ అయితే కడుతూ కబుర్లు కూడా చెప్పేవాడు. 'బుద్ధిగా కూర్చో, కదలకు' అని. ఎవరితోనో మరి!"

అతను నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

రెండు సీట్ల విమానం కొన్నాక ఆర్విడ్ ఊళ్లో అడగని మనిషి లేడు. పోస్టాఫీసు ఆమెని అడిగాడు, పాస్టర్‌ని అడిగాడు, పశువుల డాక్టర్ని అడిగాడు. జూన్‌లో నన్నూ అడిగాడు. "పావుగంటే వెరా. ఆవ పూత మీద మేఘం నీడ నడుస్తుంటే పైనుంచి చూడాలి నువ్వు" అన్నాడు. తీరిక లేదన్నాను. తీరిక ఉంది. ఆ ముసలాడి మురిపెం చూస్తూ కూర్చునే ఓపిక లేదు, అంతే. అతను "పర్లేదు, ఇంకోసారి" అని టోపీ సర్దుకుని వెళ్లిపోయాడు. ఈ సంగతి నేనెవరికీ చెప్పలేదు.

"అసలు దాన్ని ఎలా కొన్నాడు?" అని అడిగాను.

"కొన్నాడా? పెళ్లి చేసుకున్నాడనండి" అన్నాడు కెప్టెన్. గొంతులో వెటకారం ఉంది, దాని కింద ఇంకేదో ఉంది. "ఏదో చచ్చిపోయిన రైతు సామాను వేలం వేస్తున్నారంటే మంచు తోసే యంత్రం కోసం వెళ్లాడు. కొట్టంలో ఇది కనిపించింది. సీట్లో కోడి గుడ్లు పెట్టి ఉందట. వీడు మంచు యంత్రం సంగతి మర్చిపోయి మూడు గంటలు దాని రెక్క కింద కూర్చున్నాడు. అక్కణ్ణుంచి నాలుగు నెలలు, ఆదివారం వస్తే అక్కడే. చివరికి ఆ రైతు భార్య అడిగేసిందట, 'ఏమయ్యా, నువ్వొచ్చేది నాకోసమా, దానికోసమా' అని. వీడు టోపీ తీసి 'క్షమించండమ్మా, దానికోసమే' అన్నాడు. ఆవిడ పడీ పడీ నవ్వి ఇచ్చేసింది. వీడు ఇల్లమ్ముకుని కొన్నాడు. జీవితమంతా ధాన్యం తూకం వేసినవాడు! పిచ్చి కుదిరింది, రోకలి తలకి చుట్టమన్నట్టు, అరవై దాటాక ఎగరడం కూడా నేర్చుకున్నాడు."

"మీకెందుకంత కోపం?"

"ఆ విమానంలో నేను పాఠాలు చెప్పాను" అన్నాడు. ఈసారి వెటకారం లేదు. "అచ్చంగా అదే. దాని నంబరు నిద్రలో అడిగినా చెప్తాను. పాతికేళ్లు వెతికాను. వాడికి కోడి కింద దొరికింది."

"ఆర్విడ్ కొన్నాక మీరందులో ఎప్పుడైనా ఎగిరారా?"

"లేదు. రమ్మన్నాడు. నేనే వెళ్లలేదు. నా విమానంలో నేను చుట్టంలా ఎక్కాలా?"

"నిన్న మూడింటికి కాఫీకి రాలేదట?"

మా ఊళ్లో మూడు గంటల కాఫీ అంటే చర్చి ప్రార్థన కన్నా గట్టి నియమం. అదే కేఫ్, అదే గుండ్రటి బల్ల, అదే ఎనిమిది మంది మగవాళ్లు. కెప్టెన్ కుర్చీ ఖాళీగా ఉండటం వాళ్లకి గుర్తులేదట.

"కడుపులో బాగోలేదు" అన్నాడు. అని, నేనింకేమీ అడక్కుండానే, "నిన్నంతా ఇక్కడే ఉన్నాను. నా బండి బయటే ఉంది, ఎవర్నైనా అడగండి" అని కలిపాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. అయినా అబద్ధమాడే మగవాళ్లందరూ హంతకులైతే మా జైళ్లు చాలవు. రెండింటికి లేచి బయల్దేరాను.

హెరాన్ సరస్సు చేరేసరికి మూడు కావడానికి పావుగంట ఉంది. చేను మధ్యలో, గోధుమ కొయ్యకాళ్ల మీద విమానం ఒక్కటే నిలబడి ఉంది. పోలీసులందరూ అర మైలు అవతల నీళ్ల దగ్గరున్నారు. లైల్ నన్ను చూసి ఇటు నడిచొచ్చాడు. వాడు నా కింద ఆరేళ్లు పనిచేశాడు. రిపోర్టు రాయడం నేనే నేర్పాను. ఇప్పుడు నా కుర్చీలో కూర్చున్నాడు.

"రండి మేడమ్! ఇటువైపు వడగళ్లు పడలేదే?"

"నీ బుర్ర మీద పడ్డాయని కబురొచ్చింది. నష్టం ఎంతో చూసిపోదామని."

"టోపీ దొరికింది. బూటు గుర్తులు నీళ్ల వైపే ఉన్నాయి. వాళ్ల అక్క ఇంకేం అడుగుతోంది?"

"గుర్తులు ఎంత పెద్దవి?"

"రాత్రి నేల గడ్డకట్టి చెదిరిపోయాయి. మీరు విమానం చూసుకోండి. దేన్నీ ముట్టకండి."

ముట్టకుండా ఎలా చూస్తారో నేను వాడికి నేర్పలేదు. రెక్క మీదికి ఎక్కాను. గాజు మూత తీసే ఉంది. వెనక సీటు బెల్టులు గట్టిగా బిగించి ఉన్నాయి. కొసలు లోపలికి దోపి ఉన్నాయి. అంటే ఎగిరినవాడు ఒక్కడే. ఆ పాఠం బాగా వచ్చినవాడు.

ముందు సీట్లోకి దిగి కూర్చున్నాను. కూర్చోగానే పాతాళంలోకి పోయినట్టయింది. ఎదురుగా గడియారాల పలక తప్ప ఏమీ కనపడలేదు. సీటుని ఆఖరి మెట్టుదాకా దించేశారు. కాళ్లు చాపితే పెడళ్లు ఇంకా జానెడు దూరంలో ఉన్నాయి. భుజాల బెల్టులు నాలాంటి వాళ్లు ఇద్దరు పట్టేంత వదులుగా ఉన్నాయి. నాది ఐదడుగుల ఐదంగుళాలు. ఆర్విడ్ నాకన్నా రెండంగుళాలు తక్కువ.

ఇంకొకటేదో లేదనిపించింది. కింద ఉత్త రేకు గుచ్చుకుంటోంది. ఈ సీట్లో మెత్తగా ఏదో ఉండాలి. ఎందుకుండాలో ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత గుర్తొచ్చింది. విమానం ముక్కు మీంచి ముందుకి చూడటానికి ఆర్విడ్ దిళ్లు వేసుకుంటాడని సోల్వేగ్ చెప్పింది. పాత పరదా గుడ్డతో ఆవిడే కుట్టిచ్చింది, రెండు. గంటన్నర క్రితం నేను కూర్చున్నది వాటి మీదే.

"లైల్! ఇటు రా."

"ఏంటి మేడమ్, దెయ్యం కనపడిందా?"

"ఆర్విడ్ ఈ విమానం ఎక్కలేదు."

లైల్ నవ్వబోయి నా మొహం చూసి ఆగాడు. అన్నీ చూపించాను. సీటు, పెడళ్లు, బెల్టులు, లేని దిళ్లు.

"దిగేటప్పుడు సీటు దించుకుని ఉండొచ్చు" అన్నాడు.

"చావబోతూ పెడళ్లు కూడా దూరంగా జరిపాడా? తన తర్వాత వచ్చే పొడుగువాడికి సుఖంగా ఉండాలనా?"

"దిళ్లు మర్చిపోయుండొచ్చు."

"దిళ్లు మర్చిపోతే దారే కనపడదు. గీత పడకుండా చేలో దింపాడా కళ్లు మూసుకుని?"

"అయితే ఎవరు తెచ్చారంటారు?"

"ఒంటరిగా ఎగిరేటప్పుడు వెనక బెల్టు కట్టడం నరనరానా జీర్ణించుకున్నవాడు. ఆరడుగులు దాటినవాడు. నిన్న మూడింటికి కాఫీ తాగనివాడు. టార్లోలో అలాంటివాళ్లు ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి నీకు రెండో వేలు అక్కర్లేదు."

"కెప్టెనా? ఆయన బండి నిన్నంతా షెడ్డు దగ్గరే ఉంది."

"బండి ఉంది. మనిషి లేడు. కోతల కాలం, ప్రతి పావుగంటకీ ఈ రోడ్డు మీద టార్లోకి ధాన్యం లారీ వెళ్తుంది. చెయ్యెత్తితే ఎవరైనా ఎక్కించుకుంటారు. లైల్, నీ మనుషుల్ని తీసుకుని టార్లో పద. ఆర్విడ్ ఇక్కడికి రాలేదు. ఆ మైదానం దాటి ఎక్కడికీ వెళ్లలేదు."

లైల్ సరస్సు వైపు చూశాడు. పడమటి నుంచి నల్లటి మబ్బు కమ్ముతోంది.

"ఐదింటిదాకా ఈతగాళ్లున్నారు. మీ మాట విని వీళ్లని లాక్కెళ్లి, రేపు శవం ఇక్కడే తేలితే నా గతేంటి? మీకేం, పెన్షను వస్తుంది."

"రేపు అక్కడ తేలితే?"

వాడు నీళ్ల వైపు తిరిగాడు. నేను కారెక్కుతుంటే మాత్రం వెనకనుంచి అరిచాడు. "అంబులెన్సు ఒకటి పంపిస్తాను. అదీ మీరు నేర్పిన రిపోర్టులు రాసి బతుకుతున్నందుకు!"

టార్లో చేరేసరికి నాలుగూ ఐదు. కంకర రోడ్డు మీద అంత వేగంగా ఎప్పుడూ పోలేదు. దారంతా జూన్‌లో ఆర్విడ్ టోపీ సర్దుకున్న తీరే కళ్లముందు ఉంది. ఆ రోజు పావుగంట ఇచ్చి ఉంటే ఏమయ్యేది? ఏమీ అయ్యేది కాదు. కాకపోతే ఈవేళ ఇంత సిగ్గుగా ఉండేది కాదు.

కెప్టెన్ వర్క్‌షాపులో లేడు. ఆర్విడ్ విమానం ఉండే ఖాళీ జాగాలో, సిమెంటు నేల మీద కూర్చుని ఉన్నాడు. దగ్గర్లో ఒకచోట కొత్తగా రంపపు పొట్టు చల్లి ఉంది.

"ఎక్కడ పెట్టావు?" అన్నాను. మీరు, గారు అన్నీ దారిలోనే రాలిపోయాయి.

అతను లేవలేదు. ఏమిటని కూడా అడగలేదు.

"నిన్న పొద్దున నా దగ్గరికొచ్చాడు" అన్నాడు. "'ముందు సీటు నీకిస్తా, నేను వెనక కూర్చుంటా, నువ్వే నడుపు' అన్నాడు. పదకొండు నెలలు అడిగాడు వెరా. నిన్న సరేనన్నాను. ఎందుకన్నానో తెలీదు. ఆ ఇంజన్లో రాత్రి నూనె కింది సిలిండర్లలోకి దిగుతుంది. స్టార్టు చేసే ముందు ప్రొపెల్లర్ని చేత్తో నాలుగైదుసార్లు తిప్పాలి. బయటున్నవాడు 'స్విచ్ ఆఫ్?' అని అరుస్తాడు. లోపలున్నవాడు చూసి 'ఆఫ్' అనాలి. లేకపోతే ఇంజన్ అంటుకుని ఆ రెక్క బయటున్నవాణ్ణి కొడుతుంది."

"నువ్వు చూడలేదు."

"పద్నాలుగేళ్లు రోజుకి పదిసార్లు అన్న మాట. వాడు అడిగాడు, నా నోరు ఆఫ్ అంది. కన్ను చూడలేదు. ఆత్రం కొద్దీ పెట్రోలు ముందే కొట్టేశాను, చెయ్యి దానంతటదే స్విచ్ వేసేసింది. వాడు తిప్పాడు. ఇంజన్ ఒక్కసారి దగ్గింది. ఒక్కసారే." రెండు చేతులూ నేలకి ఆనించాడు. "చూడకుండా ఆఫ్ అన్నారని కుర్రాళ్ల చెవులు మెలేసి ఇంటికి పంపించినవాణ్ణి నేను. ఈ మాట ఎవరికి చెప్పను?"

"అందుకని టోపీ తీసుకెళ్లి సరస్సు ఒడ్డున పడేశావు. వాడు ఎక్కడ?"

"చచ్చిపోయాడు. నాడి చూశాను."

"వణికే చేత్తో నాడి చూస్తే నీ నాడే తెలుస్తుంది. ఎక్కడ?"

అతను తలుపు బయటికి వేలు చూపించాడు. మైదానం చివర యుద్ధం నాడు తుపాకీ గుళ్లు పరీక్షించిన మందపు గోడ ఒకటుంది. దాని వెనక కిటికీ లేని కాంక్రీటు గది. పరిగెత్తాను. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు ఏమన్నాయో వినలేదు. కెప్టెన్ వెనకే వచ్చి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి అడుగు వెయ్యలేకపోయాడు.

ఆర్విడ్ మూలన ఉన్నాడు. చలికాలం ఇంజనుకి కప్పే దళసరి బొంతని మెడదాకా చుట్టి ఉంది. తల కింద కెప్టెన్ కోటు మడతపెట్టి ఉంది.

"చచ్చినవాడికి దిండెందుకు పెట్టావు?" అని అరిచాను.

"తెలీదు" అన్నాడు గుమ్మంలోంచి. "నేల చల్లగా ఉంది."

ఆర్విడ్ మొహం ఒక పక్క నల్లగా కమిలి ఉంది. కుడి చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. మెడ మీద వేళ్లు పెట్టాను. ఏమీ తెలీలేదు. కళ్లజోడు తీసి అతని ముక్కు దగ్గర పట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. అద్దం మీద సన్నగా మసక కట్టింది. నాకు తెలీకుండానే గట్టిగా ఏడుపొచ్చింది. ఇరవై ఏడు గంటలు!

"ఆర్విడ్! వెరాని. అంబులెన్సు వస్తోంది. ఉండు, ఇంకాస్సేపు ఉండు."

చాలాసేపటికి ఒక కన్ను తెరిచాడు. పెదాలు కదిలాయి. చెవి దగ్గర పెట్టాను.

"అలిస్టర్ ఏడీ?"

పేరు చెప్తున్నాడనుకున్నాను. నేరస్థుడి పేరు చెప్పే సాక్షి గొంతులు చాలా విన్నాను. ఇది ఆ గొంతు కాదు.

"వాడికేం తగల్లేదు కదా?" అన్నాడు.

"లేదు."

"స్విచ్ సంగతి ఎవరితో అనకు వెరా. సిగ్గుపడతాడు. మళ్లీ రాడు." ఊపిరి కోసం ఆగాడు. "బుధవారం బుధవారం ఎగురుదామన్నాడు. వాడొక్కడే ఒప్పుకున్నాడు."

బయట అంబులెన్సు ఆగింది. దాని వెనకే పోలీసు కారు. లైల్ చివరికి వచ్చాడు. బూట్ల చప్పుడు, తలుపు దగ్గర వెలుతురు.

"బతికున్నాడా? దేవుడా! ఎవరు చేశారు మేడమ్ ఇది?"

ఆర్విడ్ బాగున్న చేత్తో నా మణికట్టు పట్టుకున్నాడు. అంత బలం ఎక్కణ్ణుంచి వచ్చిందో. చెప్పొద్దని ఆ పట్టు. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో నేను నిజం దాచిన రోజు ఒక్కటి లేదు. లైల్ వైపు తిరిగి నోరు తెరిచాను.

"నేను" అన్నాడు అలిస్టర్ స్ట్రాకన్ గుమ్మంలోంచి, వీపు నిటారుగా పెట్టి. "నేనే, సార్జెంట్. స్విచ్ చూడకుండా ఆఫ్ అన్నాను. తర్వాత ఇక్కడ దాచాను."

లైల్ అతని చెయ్యి పట్టుకుని కారు వైపు నడిపించాడు. ఆర్విడ్ పట్టు మెల్లగా సడలింది. అతను కోటు మీద తల అటు తిప్పుకున్నాడు. రాత్రంతా చలిలో ఒక్కడే పడి ఉన్న మనిషి, అప్పుడు ఏడ్చాడు.